ఫోర్ ట్వంటీ సంచీ

షెఫీల్డ్‌లో శనివారం. వాన కురవడం లేదు,
కురవాలా వద్దా అని ఆలోచిస్తోంది.
ట్రామ్ దిగి, ఏటవాలు వీధెక్కి
కొండలెక్కేవాళ్ల కొట్టులోకి నలుగురం చొరబడ్డాం.

పాత సంచీ పోయినవారం కాలం చేసింది.
బేక్‌వెల్ బస్సులో జిప్పు నోరు తెరిచి ఇక మూయనంది.
అరటిపళ్లూ, ఆస్తమా పంపూ,
రెండు జతల పసి మేజోళ్లూ
అందరి కాళ్ల కిందా దొర్లాయి.
పంపు ఏరి చేతికిచ్చిన ముసలాయన
"సంసారమంతా ఇందులోనే ఉన్నట్టుందే" అన్నాడు.
ఉంది మరి.

సుధన్వ వంటింటి త్రాసు తెచ్చాడు.
నిజం. కోటు జేబులో దాచి తెచ్చాడు.
శనగపిండి వాసన ఇంకా వదలని ఆ త్రాసు మీద
షరాబులా కన్ను చికిలించి
ఒక్కో సంచీనీ తూస్తున్నాడు.
ఆరువందల డెబ్భై. పెదవి విరుపు.
ఐదువందల పది. తల పంకింపు.
చివరికి ఒకటి దొరికింది, ఉల్లిపొర లాంటిది,
మడిస్తే గుప్పిట్లో ఇమిడేది:
నాలుగువందల ఇరవై.

నాకు నవ్వాగలేదు. తనకీ ఆగలేదు.
కొట్టమ్మాయి తెల్లబోయి చూసింది.
ఆ అంకె మా దేశంలో ఒక రకం మనిషి పేరని,
తియ్యగా మాట్లాడుతూ జేబు ఖాళీ చేసేవాడని
ఆ పిల్లకి ఎక్కణ్ణుంచి మొదలెట్టి చెప్పను?

"ఖాళీ సంచీని నమ్మకు, లవ్" అంది తను.
ఈ ఊళ్లో బస్సు డ్రైవరూ, పళ్లు పీకే డాక్టరూ
అందరూ లవ్ అనే పిలుస్తారు, అలవాటైపోయింది.
లోపల్నుంచి ఇసుక మూటలు తెచ్చి
నాలుగు కిలోలు అందులోకి దింపి
నా వీపుకి తగిలించి, మెట్లెక్కి దిగి రమ్మంది.

పద్నాలుగు మెట్లు.
తొమ్మిదో మెట్టు మీద
పట్టీలు దారాల్లా భుజాల్లోకి దిగాయి.
మోసేవాడికే తెలుస్తుంది కావడి బరువంటారు.
మోసేది ఎవరో మాత్రం ఎవరూ అడగరు.
మా ఇంట్లో త్రాసు తనది, వీపు నాది.

ఇది మనసులో అనుకున్నాననుకున్నాను. పైకే అన్నానట.
సుధన్వ త్రాసు పక్కన పెట్టి
సంచీ తగిలించుకుని మెట్లెక్కాడు.
తొమ్మిదో మెట్టు మీద ఆగాడు.
దిగి వచ్చి ఏమీ అనలేదు, భుజం రుద్దుకున్నాడంతే.

ఈలోగా నీహార, ఏడేళ్లది,
తూకాలతో పని లేనిది,
మూలన వేలాడే ఆవపువ్వు రంగు సంచీని ఈడ్చుకొచ్చింది.
ఛాతీ పట్టీ బకిల్‌కి చిన్న ఈల.
ఊదింది. కొట్టు కొట్టంతా తిరిగి చూసింది.
చంకలో లోహిత్ ఏడుపు ఠక్కున ఆపాడు.
వాణ్ణి ఒక చేత్తో పట్టుకునే
రెండో చేత్తో జిప్పు లాగాను. వచ్చింది.
మళ్లీ లాగాను. మూసుకుంది.
నాకు ఇంతకన్నా పరీక్ష అక్కర్లేదు.

"ఐదువందల ఎనభై ఆరు" అన్నాడు సుధన్వ, ఊరుకోలేక.
నూట అరవై ఆరు గ్రాములు ఎక్కువ,
అంటే మూడు నిమ్మకాయలంత.
"నిమ్మకాయలు నేను మోస్తాలే" అని మళ్లీ తనే అన్నాడు.

ఆదివారం స్టానేజ్ గుట్ట మీద గాలిలో
సంచీ తన వీపున ఉంది.
సోమవారం ట్రామ్‌లో నా ఒళ్లో ఉంది:
పెరుగన్నం డబ్బా, గొడుగు, ఆసుపత్రి బ్యాడ్జీ.
బ్యాడ్జీ కోసం అడుగుకంటా తడిమితే
చేతికో రాయి తగిలింది. కోడిగుడ్డంత.
దాని కింద ఇంకోటి.
మొత్తం నాలుగు. నీహార పని.
నిన్నంతా గుట్టెక్కి దిగింది ఇవీ మోస్తూనన్నమాట,
ఒక్క మాటా అనకుండా,
తూచకుండా.

మందుల కౌంటర్ మీద నాలుగూ వరసగా పెట్టాను.
పక్కనే త్రాసు, మిల్లీగ్రాము తప్పనిది.
చెయ్యి అటు వెళ్లి వెనక్కొచ్చింది.

సాయంత్రం మళ్లీ సంచీలోనే వేసుకున్నాను.
ట్రామ్ దిగాక ఇంటిదాకా ఎక్కుడు దారి.
వాన ఒక నిర్ణయానికొచ్చింది.
సంచీకి తొడుగుందో లేదో
ఎవరం చూసుకోలేదు.